బ్యారెల్ మార్పించిన .30-06 వేట రైఫిల్: గ్రూపులు ఎందుకు విచ్చుకున్నాయి?

రాకీ_బాటసారి (కొలరాడో)

అందరికీ నమస్కారం. నా దగ్గర .30-06 తూటా కాల్చే రెమింగ్టన్ 700 రైఫిల్ ఒకటి ఉంది. పదకొండేళ్ల క్రితం, పదవీ విరమణ చేసి వెళ్తున్న ఒక సహోద్యోగి దగ్గర కొన్నాను. వాల్‌నట్ కర్ర స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే కర్ర భాగం), 22 అంగుళాల సన్నటి బ్యారెల్. చాలాకాలం 100 గజాల దగ్గర అంగుళంన్నర గ్రూపులు (కాగితం మీద పడిన తూటాల గుంపు వెడల్పు) ఇచ్చింది. రెండేళ్లుగా గురి చెదరడం మొదలైంది. బోర్‌స్కోపుతో (బ్యారెల్ లోపల చూసే సన్నటి కెమెరా) చూస్తే, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) దాటి రైఫ్లింగ్ (తూటాను తిప్పే మెలికల గాళ్లు) మొదలయ్యే చోట లోహం వేసవిలో నెర్రెలిచ్చిన చెరువు మట్టిలా కనిపించింది. ఇక ఆ బ్యారెల్ ఆయువు తీరినట్టేనని అర్థమై, కొత్తది వేయించాను.

కొత్త బ్యారెల్ 24 అంగుళాలది, పాతదానికంటే కాస్త లావు, 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే రైఫ్లింగ్. పనిచేసిన గన్‌స్మిత్ హెడ్‌స్పేస్ గేజ్‌లు (ఛాంబర్‌లో తూటాకు ఉన్న చోటును కొలిచేవి) నా ఎదుటే పెట్టి చూపించాడు. 'గో' గేజ్ మీద బోల్టు (ఛాంబర్‌ను వెనుకనుంచి మూసే కడ్డీ) మూసుకుంది, 'నో-గో' మీద మూసుకోలేదు. పాత రికాయిల్ లగ్ (రైఫిల్ తన్నుడును స్టాక్‌కు మోపే లోహపు ముక్క) తీసేసి మందపాటిది వేశానని, అది నేరుగా చదునుగా గ్రైండ్ చేసినదని చెప్పాడు. సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాను.

ఇప్పుడు అదే 180 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు) కార్ఖానా తూటాలతో, అదే స్కోపుతో (గురి చూసే దుర్బిణి), అదే ఇసుక సంచుల మీద పెట్టి కాలిస్తే గ్రూపు మూడు అంగుళాలు వస్తోంది. డబ్బు పోసి కొత్త బ్యారెల్ వేయిస్తే అరిగిపోయిన పాతదే నయమనిపించేలా ఉంది. అక్టోబరులో ఎల్క్ (పెద్ద దుప్పి జాతి జంతువు) వేటకు వెళ్లాలి. 300 గజాల దగ్గర ఈ చెదురు తొమ్మిది అంగుళాలు దాటుతుంది. గాయపడిన జంతువు పొదల్లోకి పోయి నరకం అనుభవించేలా చేయడం కంటే ఆ ఏడు రైఫిల్ ఇంట్లో పెట్టుకుని కూర్చోవడమే మేలని నేను నమ్ముతాను. ఎక్కడినుంచి వెతకడం మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

గజాల_లెక్క (టెక్సస్)

బాటసారి గారూ, ముందుగా ఒక ప్రశ్న. మూడు అంగుళాలు అంటున్నారు కదా, అది ఎన్ని తూటాల గ్రూపు? మూడు తూటాలా, అయిదా, పదా? ఈ తేడా తెలియకుండా పాత బ్యారెల్‌నూ కొత్త బ్యారెల్‌నూ పోల్చలేము.

ఒకే రైఫిల్, ఒకే తూటా, ఒకే మనిషి అయినా, కాల్చే తూటాల సంఖ్య పెరిగేకొద్దీ గ్రూపు పెద్దదవుతుంది. చెదురు సహజంగా అన్ని వైపులా సమానంగా ఉన్నప్పుడు, ఒక్కో దిశలో ప్రామాణిక విచలనానికి మూడు తూటాల గ్రూపు సగటున 2.4 రెట్లు, అయిదు తూటాలది 3.1 రెట్లు, పది తూటాలది 3.8 రెట్లు ఉంటుంది. అంటే మూడు తూటాలతో సగటున అంగుళం ఇచ్చే రైఫిలే పది తూటాలతో అంగుళం ఆరు పదుల వంతులకు దగ్గరగా ఇస్తుంది. రైఫిల్ పాడవలేదు, మనం కొలిచే పద్ధతి మారిందంతే. పైగా మనందరం మూడు తూటాల గ్రూపులు అయిదారు కాల్చి, అందులో అందంగా వచ్చినదాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతాం. పాత బ్యారెల్ 'అంగుళంన్నర' అలాంటి జేబు గ్రూపు కాదు కదా?

దయచేసి పది తూటాలు కాల్చండి. ఒక్కో తూటాకు మధ్య బ్యారెల్ చల్లారనివ్వండి. చేతితో పట్టుకుంటే వెచ్చదనం తెలియకూడదు. ఏ తూటా ఎక్కడ పడిందో వరసగా అంకె వేయండి. గ్రూపు ఎంత పెద్దదన్నది ఎంత ముఖ్యమో, ఏ ఆకారంలో ఉందన్నది అంతకంటే ముఖ్యం. వేడెక్కేకొద్దీ తూటాలు ఒకే గీత మీద పైకో పక్కకో పాకుతూ పోతే ఒక కారణం, రెండు గుంపులుగా విడిపోతే వేరొక కారణం, ఎటుపడితే అటు చెదిరితే మరొకటి.

రాకీ_బాటసారి

లెక్క గారూ, మీ మాటతో నా కళ్లు తెరుచుకున్నాయి. పాత కాగితాలు తీసి చూశాను. అంగుళంన్నర అన్నవన్నీ మూడు తూటాల గ్రూపులే. అయితే అవి ఏరుకున్నవి కావు, వరసగా దాచుకున్నవే.

నిన్న పొద్దున గాలి లేని వేళ మీరు చెప్పినట్టు పది కాల్చాను. ఒక్కో తూటాకు మధ్య ఎనిమిది నిమిషాలు ఆగాను. గ్రూపు 3.6 అంగుళాలు. కానీ వింత ఏమిటంటే అవి రెండు గుంపులు. 1, 2, 5, 6, 9 అంకెలవి ఒకచోట, మిగిలిన అయిదు దానికి కుడివైపు కిందగా మరోచోట. గుంపుల కేంద్రాల మధ్య దూరం రెండు అంగుళాలకు పైనే. ఏ గుంపుకు ఆ గుంపును విడిగా కొలిస్తే అంగుళంన్నర లోపే ఉన్నాయి. బ్యారెల్ వేడికీ దీనికీ సంబంధం ఉన్నట్టు లేదు, ఎందుకంటే 9వ తూటా తిరిగి మొదటి గుంపులోకే వచ్చి పడింది.

పాత_టర్నర్ (ఒహాయో)

బాటసారి గారికి నమస్కారం. నేను వృత్తిరీత్యా మెషినిస్టును. హైదరాబాద్ బాలానగర్‌లో లేత్ మీద చేతులు కాల్చుకుంటూ పని నేర్చుకుని, ఇక్కడికి వచ్చాక ముప్పై ఏళ్లు అదే పని చేసి విరమించాను. రైఫిళ్ల పని నాకు ఇష్టంతో అబ్బింది.

మీ కాగితం చాలా చెప్పింది. రెండు గుంపులూ విడివిడిగా బాగున్నాయంటే మీ బ్యారెల్ మంచిదే అనడానికి అది పెద్ద సాక్ష్యం. రైఫ్లింగ్ పాడైనా, ఛాంబర్ బోర్‌కు (బ్యారెల్ లోపలి రంధ్రం) వంకరగా కోసినా తూటాలు ఇలా రెండు ఊళ్లు కట్టుకోవు, మొత్తంగా చెదురుతాయి. ఏదో ఒక భాగం రెండు చోట్ల కూర్చుంటోంది. ఒక తూటా తన్నుడుకు ఇటు జరుగుతుంది, మరో తన్నుడుకు అటు వస్తుంది. అలా జరగగలిగేవి ముఖ్యంగా రెండు, స్కోపు తన బేసుల (రైఫిల్ మీద స్కోపును నిలిపే పీటలు) మీద, లేదా యాక్షన్ (బోల్టు, రిసీవర్ ఉన్న లోహపు భాగం) తన స్టాక్‌లో.

బ్యారెల్ మార్చినప్పుడు ఏమేమి మారాయో చూడండి. మీకు కొత్తగా వచ్చింది బ్యారెల్ ఒక్కటే కాదు. 700 రిసీవర్ (బ్యారెల్ బిగించే, బోల్టు కదిలే లోహపు గూడు) గుండ్రటి గొట్టం లాంటిది. మౌజర్ 98లో రికాయిల్ లగ్ రిసీవర్‌తో ఏకంగా ఉంటుంది, 700లో అది బ్యారెల్ భుజానికీ రిసీవర్ ముఖానికీ మధ్య ఇరికించిన విడి ముక్క. కార్ఖానా లగ్ మందం అంగుళంలో వెయ్యికి 187 దగ్గర ఉంటుంది. మీకు వేసిన మందపాటి లగ్ సాధారణంగా వెయ్యికి 250. అంటే అరవైకి పైన వెయ్యో వంతులు ఎక్కువ. పాత లగ్ కోసం చెక్కిన గుంటలో కొత్త లగ్ పడుతుందా? గన్‌స్మిత్ ఆ గుంటను వెడల్పు చేశాడా, లేక స్క్రూలు బిగిస్తే దానంతటదే దిగిందని ఊరుకున్నాడా? అదే విధంగా బ్యారెల్ లావైంది కాబట్టి స్టాక్ ముందుభాగంలోని గాడి చాలుతుందా?

వరసగా ఈ పనులు చేయండి. ఒకసారి ఒక్కటే మార్చండి, రెండు మార్చి కాలిస్తే ఏది మందో తెలియదు. మొదట రైఫిల్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకుని బోల్టు తీసి పక్కన పెట్టండి.

ఒక కాగితపు నోటు తీసుకుని బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య మూతి వైపునుంచి రిసీవర్ దాకా జరపండి. ఎక్కడైనా పట్టుకుంటే పెన్సిలుతో గుర్తు పెట్టండి. తర్వాత రైఫిల్‌ను నిటారుగా నిలబెట్టి, బొటనవేలు బ్యారెల్ మీదా చూపుడువేలు స్టాక్ కొన మీదా ఆనించి, ముందు యాక్షన్ స్క్రూను వదులు చేస్తూ బిగిస్తూ ఉండండి. వేళ్లకు కదలిక తెలిస్తే యాక్షన్ స్టాక్‌లో వంగుతూ కూర్చుంటోందని అర్థం. డయల్ ఇండికేటర్ (సన్నటి కదలికను కొలిచే ముల్లు పరికరం) ఉంటే ఇంకా మంచిది. కదలిక అంగుళంలో వెయ్యికి రెండు మూడు వంతులు దాటకూడదు.

ఆ తర్వాత స్కోపు తీసి, బేసుల స్క్రూలు ఒక్కొక్కటే విప్పి, ఏది ఏ రంధ్రానిదో గుర్తు పెట్టుకుని, వాటి కొనలు భూతద్దంతో చూడండి. ఎందుకు చెప్తున్నానో చూశాక మీకే తెలుస్తుంది.

తూటా_తూకం (మిషిగన్)

పెద్దలు మన్నించాలి, నా అభిప్రాయం వేరు. ప్రతి బ్యారెల్‌కూ దానికి నచ్చే తూటా ఒకటి ఉంటుంది. పాత బ్యారెల్‌కు నచ్చిన తూటా కొత్తదానికి నచ్చాలని లేదు. 150, 165, 180 గ్రెయిన్లలో నాలుగైదు రకాల పెట్టెలు కొని కాల్చి చూస్తే, వాటిలో ఒకటి చక్కగా కుదురుకోవచ్చు. సొంతంగా తూటాలు నింపుకునేవారైతే బుల్లెట్ ఎంత లోతుగా కూర్చోవాలో మార్చి చూడవచ్చు. స్టాక్ విప్పి చెక్కడం కంటే ఇది తేలిక కదా?

పాత_టర్నర్

తూకం గారూ, మీరు చెప్పింది నిజమే, కానీ దాని వేళ ఇది కాదు. రెండు చోట్ల కూర్చుంటున్న రైఫిల్‌లో తూటాలు మార్చడం కదిలే త్రాసులో తూకం వేయడమే. మంచి తూటా అని మీకనిపించింది ఆ అయిదు తూటాల సేపు త్రాసు కదలకపోవడం వల్ల కావచ్చు. అలా నాలుగు పెట్టెల డబ్బు పోయాక కూడా రైఫిల్ గురించి తెలిసేది ఏమీ ఉండదు. ముందు యంత్రం స్థిరపడాలి. ఆ తర్వాత మీ పద్ధతే సరైనది.

పొద్దుటి_మంచు (మోంటానా)

బాటసారి గారూ, నేను మా మామగారి వించెస్టర్ మోడల్ 70తో వేటాడతాను, 1964కు ముందుది. బ్యారెల్ మార్పించాక నాకూ ఇలాంటి ఇబ్బందే వచ్చింది, కానీ మూలం వేరు. ఆ రైఫిల్‌కు యాక్షన్ స్క్రూలు మూడు. ముందుదీ వెనుకదీ గట్టిగా బిగించి, మధ్యది కదలకుండా ఉండేంతవరకే తిప్పాలి. పని చేసినవారు మూడింటినీ సమానంగా బిగించారు. మధ్య స్క్రూ యాక్షన్‌ను విల్లులా కిందికి లాగుతుండడంతో గ్రూపు వెడల్పయింది. పావు గంటలో సరిపోయింది.

మీది కర్ర స్టాక్ కాబట్టి మరొక మాట. కర్ర తేమ పీల్చుకుంటుంది. కొలరాడోలో గాలి పొడిగా ఉంటుంది కనుక ఇంటి దగ్గర నోటు సులువుగా దూరుతుంది. కానీ మంచులో రెండు రోజులు తిరిగి, రాత్రి గుడారంలో పెట్టి, మళ్లీ తీస్తే ఆ ఖాళీ అంతే ఉండదు. పాత 700ల స్టాక్ కొనలో బ్యారెల్‌ను కింది నుంచి కొద్దిగా నొక్కే చిన్న దిమ్మ ఒకటి ఉండేది, సన్నటి బ్యారెల్ కంపించకుండా పట్టుకోవడానికి కార్ఖానావారు కావాలనే పెట్టేవారు. మీ స్టాక్‌లో అది ఉందేమో చూడండి. పాత సన్న బ్యారెల్‌కు అది సాయం చేసి ఉండవచ్చు. లావు బ్యారెల్‌కు అదే అడ్డు అవుతుంది, ఒకవైపుకు వాలి నొక్కితే మరీను. గాడి వెడల్పు చేశాక లోపలి కర్రకు వార్నిష్ పూయడం మరిచిపోకండి. పైన మెరుగు పెట్టి లోపల పచ్చిగా వదిలేసిన స్టాక్‌లు నేను చాలా చూశాను.

రాకీ_బాటసారి

టర్నర్ గారూ, మంచు గారూ, మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఆదివారం మధ్యాహ్నమంతా గ్యారేజీలో రైఫిల్ ముందు కూర్చున్నాను. కనిపించినవన్నీ రాస్తాను.

నోటు మూతి వైపునుంచి అయిదు అంగుళాలు జరిగి ఆగిపోయింది. ఎడమవైపు బ్యారెల్ స్టాక్‌ను తాకుతోంది. మంచు గారు చెప్పిన దిమ్మ కూడా ఉంది, దాని మీద బ్యారెల్ నల్లపూత అంటుకుని ఒక పక్కే మెరుస్తోంది.

ముందు స్క్రూ వదులు చేసినప్పుడు బొటనవేలికి కదలిక స్పష్టంగా తెలిసింది. స్నేహితుడి దగ్గర డయల్ ఇండికేటర్ తెచ్చి పెట్టి చూస్తే వెయ్యిలో పద్నాలుగు వంతులు లేచింది. యాక్షన్ బయటికి తీసి లగ్‌ను చూస్తే, దాని అడుగుభాగం మీద కర్ర రంగు గీత పడి ఉంది. గుంట అడుగున, మూలల్లో కర్ర నలిగి తళతళలాడుతోంది. లగ్ వెనుక ముఖం మాత్రం ఎక్కడా గట్టిగా ఆనిన గుర్తు లేదు. తన్నుడును మోయవలసిన ముఖం తప్ప మిగిలిన అన్ని వైపులా లగ్ ఇరుక్కుని ఉంది. గన్‌స్మిత్ గుంటను ముందు వైపు కాస్త గీకాడు, లోతు మాత్రం అలాగే వదిలేశాడు.

ఇక స్కోపు బేసు. ముందు బేసు ముందు రంధ్రంలోని స్క్రూ విప్పి లైటు కింద పెట్టగానే నోట మాట రాలేదు. దాని కొన చదునుగా నలిగి అద్దంలా మెరుస్తోంది, ఆ మెరుపు మీద అడ్డంగా రెండు సన్నటి గీతలు. అవి బ్యారెల్ మరల శిఖరాల ముద్రలు. బ్యారెల్ విప్పడానికి బేసులు తీసి, తిరిగి పెట్టేటప్పుడు స్క్రూలు తారుమారై, పొడవైనది ముందుకు వచ్చిందన్నమాట. స్క్రూ వెళ్లి బ్యారెల్ మరలకు ఆనుకుని బిగిసింది. చేతికి గట్టిగానే అనిపించింది, కానీ అది బేసును నొక్కనే లేదు. బేసును ఒక్క స్క్రూ మాత్రమే పట్టుకుని ఉంది.

పాత_టర్నర్

నేను భయపడింది ఆ ముద్రల గురించే. 700లో ముందు రంధ్రం సరిగ్గా బ్యారెల్ మరల మీదకు తెరుచుకుంటుంది. దాని వెనుక రంధ్రం బోల్టు లగ్‌లు తిరిగే చోటు మీద ఉంటుంది. అక్కడ స్క్రూ పొడవైతే బోల్టు మూసేటప్పుడు గీసుకుని మనకు వెంటనే తెలిసిపోతుంది. ముందు రంధ్రంలో పొడవైతే చడీచప్పుడు లేకుండా మోసం చేస్తుంది.

మొదట ఆ స్క్రూ సరిచేయండి. సరైన పొడవుది దొరికితే సరే, లేకపోతే అదే స్క్రూ కొనను ఆకురాయితో తగ్గించి, కొన రిసీవర్ లోపలి అంచు దాటకుండా చూసుకోండి. అవి అంగుళానికి 48 మరలున్న సన్నటి స్క్రూలు, అడ్డంగా బిగిస్తే మరలు లేచిపోతాయి. రంధ్రాల్లో పాత నూనె తుడిచి, బేసు తయారీదారు చెప్పిన టార్క్‌కు (బిగింపు బలం) రెంచితో బిగించండి. స్కోపు రింగుల పై స్క్రూలకు 15 నుంచి 18 అంగుళ-పౌండ్లు సరిపోతుంది, అంతకు మించి బిగిస్తే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది. తర్వాత స్టాక్‌ను ముట్టుకోకుండా మళ్లీ పది తూటాలు కాల్చండి. స్క్రూ వాటా ఎంతో తేలాలి.

ఆ తర్వాత స్టాక్ పని. దీన్ని నేను కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే తొందరపడితే యాక్షన్ స్టాక్‌కు శాశ్వతంగా అతుక్కుపోతుంది.

బ్యారెల్ గాడిని గుండ్రటి కర్రకు ఉప్పుకాగితం చుట్టి రెండువైపులా సమానంగా వెడల్పు చేయండి. నోటు రెండు మడతలు పెట్టినా సాఫీగా జరగాలి. కొనలోని దిమ్మను తీసేయండి. లగ్ గుంటను అన్ని వైపులా అంగుళంలో ఎనిమిదో వంతు ఖాళీ వచ్చేలా ఉలితో తీయండి. కర్ర స్టాక్‌లో యాక్షన్ స్క్రూల రంధ్రాలను పెద్దవి చేసి అల్యూమినియం పిల్లర్లు (స్క్రూ చుట్టూ ఉండే చిన్న గొట్టాలు) పెట్టడం మంచిది. కర్ర నలుగుతుంది, పిల్లర్ నలగదు, కాబట్టి బిగింపు ఏళ్ల తరబడి ఒకేలా ఉంటుంది.

తర్వాత బెడ్డింగ్, అంటే యాక్షన్ కూర్చునే చోట ఎపాక్సీ (గట్టిపడే జిగురు) వేసి దాని అచ్చు పట్టడం. లగ్ ముందు ముఖానికీ రెండు పక్కలకూ అడుగుకూ టేపు అంటించండి. వెనుక ముఖానికి మాత్రం అంటించకండి. ఎపాక్సీ గట్టిపడ్డాక టేపు తీసేస్తే, లగ్ వెనుక ముఖం ఒక్కటే గోడకు ఆనినట్టు ఆనుతుంది, మిగతా వైపుల ఖాళీ ఉంటుంది. మీ రైఫిల్‌లో ఇప్పుడున్నది దీనికి సరిగ్గా తలకిందులు. ట్రిగ్గర్ చోటు, స్క్రూ రంధ్రాలు, మ్యాగజైన్ అంచులు, ఎపాక్సీ దూరితే పట్టుకునే ప్రతి గుంటనూ పిల్లలు ఆడుకునే మెత్తటి మైనపు మట్టితో పూడ్చండి. లోహం మీద ప్రతి చోటా, స్క్రూల మీద కూడా, రంగులేని బూటు పాలిష్ రెండు పూతలు పూసి తుడవండి. ఒక్క చోట మరిచినా అతుక్కుంటుంది.

ఉక్కు పొడి కలిసిన చిక్కటి ఎపాక్సీ అయితే జారిపోదు, ఎండినప్పుడు కుంచించుకుపోదు. లగ్ గుంటలో, దాని వెనుక రిసీవర్ కూర్చునే చోట, ముందు బ్యారెల్ తొలి అంగుళం కింద, వెనుక స్క్రూ చుట్టూ వేయండి. బ్యారెల్ మూతి వైపు టేపు చుట్లు చుట్టి గాడి మధ్యలో నిలిచేలా చూసుకోండి. యాక్షన్‌ను దింపాక స్క్రూలతో బిగించి లాగకండి, రబ్బరు గొట్టం చుట్టి దాని బరువుతోనే కూర్చోనివ్వండి. బిగిస్తే ఇప్పుడున్న వంకరే ఎపాక్సీలో అచ్చు పడుతుంది. పొంగి వచ్చినదాన్ని మెత్తగా ఉండగానే తుడిచి, ఇరవై నాలుగు గంటలు వదిలేయండి. ఒకవేళ ఊడి రాకపోతే సుత్తి పట్టుకోకండి, రైఫిల్‌ను కొన్ని గంటలు ఫ్రీజరులో పెడితే లోహం ముడుచుకుని వదులుతుంది.

రేంజ్_విద్యార్థి (గుంటూరు)

నమస్కారం అండీ. నేను రైఫిల్ క్లబ్బులో .22తో సాధన చేస్తున్నాను. మా తాతగారి పేరు మీద .315 స్పోర్టింగ్ రైఫిల్ ఉండేది, ఇప్పుడది మా బాబాయి లైసెన్సులో ఉంది. దాని స్టాక్ వానాకాలంలో ఉబ్బుతుంది. పైన చెప్పిన ఎపాక్సీ పని మనం ఇంట్లోనే చేసుకోవచ్చా?

పాత_టర్నర్

తమ్ముడూ, అక్కడి సంగతి వేరు. మన దేశంలో వన్యప్రాణుల వేటను 1972 నాటి చట్టం ఆపేసింది, తుపాకీ దగ్గర ఉంచుకోవడం, మరమ్మతు చేయించడం 1959 నాటి ఆయుధాల చట్టం కిందకు వస్తాయి. లైసెన్సు మీ బాబాయి గారిది కాబట్టి ఆయనే ఆ తుపాకీని లైసెన్సు ఉన్న మరమ్మతుదారు దగ్గరకు తీసుకువెళ్లాలి, నువ్వు చేయి వేయవద్దు. స్టాక్ లోపలి కర్రకు వార్నిష్ పట్టించమని వారిని అడిగితే ఉబ్బు చాలావరకు తగ్గుతుంది. నీ సాధనకు మాత్రం లెక్క గారు పైన రాసింది బాగా పనికివస్తుంది. .22 అయినా పది తూటాల లెక్క పదే.

రాకీ_బాటసారి

మూడు వారాలు పట్టింది, పని పూర్తయింది. టర్నర్ గారు చెప్పినట్టే ఒక్కొక్కటి మారుస్తూ, ప్రతిసారీ పది తూటాలు, అదే పెట్టె రకం.

స్క్రూ సరిచేసి, స్టాక్ ముట్టుకోకుండా కాలిస్తే 2.4 అంగుళాలు. రెండు గుంపులు పోయాయి. మిగిలినది నిలువుగా సాగిన ఒకే గుంపు. బ్యారెల్ గాడి వెడల్పు చేశాక 2.1. ఇది పెద్ద తేడా కాదని, ఒక్క గ్రూపుతో నిర్ణయించలేమని లెక్క గారు అంటారని తెలుసు, ఒప్పుకుంటాను. పిల్లర్లూ ఎపాక్సీ పనీ అయ్యాక, ముందు వెనుక స్క్రూలు రెండూ 45 అంగుళ-పౌండ్లకు బిగించి కాలిస్తే 1.5. నమ్మలేక మరుసటి వారం మళ్లీ కాల్చాను, 1.6.

ఎపాక్సీ గట్టిపడ్డాక యాక్షన్‌ను మొదటిసారి బయటికి తీసిన క్షణం చెప్పాలి. రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే స్క్రూలు తీసి, మూతి పట్టుకుని మెల్లగా పైకి ఊపితే టక్కుమని ఒక చప్పుడుతో లేచింది. ఎపాక్సీలో లగ్ ఆకారం, రిసీవర్ మీది చిన్న గీతతో సహా, అచ్చు పడి ఉంది. పాలిష్ వాసన ఇంకా వస్తోంది. మా అమ్మాయి చూసి, గణపతి విగ్రహాల అచ్చులా ఉంది నాన్నా అంది. డయల్ ఇండికేటర్ ఇప్పుడు వెయ్యిలో ఒక వంతు కూడా కదలడం లేదు.

టర్నర్ గారు అడగకపోయినా క్రౌన్ (బ్యారెల్ మూతి అంచు) కూడా చూశాను. చెవి శుభ్రం చేసే దూదిపుల్లను బోర్‌లోంచి బయటికి లాగుతూ అంచు చుట్టూ తిప్పితే ఎక్కడా దూది పోగు చిక్కలేదు. కాల్చాక మూతి మీద పడిన మసి నక్షత్రం రేకులన్నీ సమానంగానే ఉన్నాయి. ఖాళీ తూటా గుల్లలు కూడా ఒకవైపు ఉబ్బలేదు. ఛాంబర్ పనిలో గన్‌స్మిత్ నిజంగానే శ్రద్ధ పెట్టాడని ఒప్పుకోవాలి. అతని దగ్గరకు వెళ్లి స్క్రూ చూపించాను. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, బేసుల స్క్రూలను ఇకమీదట రంధ్రానికో గుర్తున్న పెట్టెలో పెడతానని చెప్పి, బెడ్డింగ్ సామాను ఖర్చు తిరిగి ఇచ్చాడు.

తూటా_తూకం

అభినందనలు. నా సలహా వేళ తప్పిందని ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు యంత్రం నిలిచింది కాబట్టి రెండు మూడు రకాల తూటాలు ప్రయత్నించండి. మీరు సొంతంగా నింపుకునేవారైతే, ప్రచురితమైన మాన్యువల్ హద్దుల్లోనే ఉంటూ, .30-06కు తూటా మొత్తం పొడవు 3.340 అంగుళాలు దాటకుండా బుల్లెట్ లోతు మార్చి చూడండి. మ్యాగజైన్‌లో పట్టని తూటా వేటలో ఎందుకూ పనికిరాదు.

గజాల_లెక్క

బాటసారి గారూ, 3.6 నుంచి 1.5కి రావడం ఎవరూ కాదనలేని మార్పు. 2.4కూ 2.1కీ మధ్య తేడా మాత్రం మీరన్నట్టు యాదృచ్ఛికం కావచ్చు. గాడి పని వృథా అని దీనర్థం కాదు, తడి వాతావరణంలో దాని విలువ తెలుస్తుంది.

వేటకు ముందు మరొక కొలత తీసుకోండి. ఎల్క్ మీద మీరు కాల్చేది చల్లటి బ్యారెల్ నుంచి వచ్చే మొదటి తూటా. కాబట్టి పది వేర్వేరు పొద్దుటి పూటలు, ఒక్కో రోజు ఒక్క తూటా, ఒకే కాగితం మీద కాల్చండి. కాగితం తీసుకువెళ్లి తీసుకురండి, మార్చకండి. కొన్ని రైఫిళ్లలో శుభ్రం చేసిన తర్వాతి మొదటి తూటా మిగతావాటితో కలవదు, అందుకే బోర్ శుభ్రం చేసిన రోజును పక్కన రాసుకోండి. ఆ కాగితం మీద వచ్చే గ్రూపే అక్టోబరులో మీరు నమ్ముకోవలసిన గ్రూపు. బల్ల మీద ఇసుక సంచులతో వచ్చినదాన్ని పక్కన పెట్టి, కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి కూడా అలాగే కాల్చి చూడండి.

రాకీ_బాటసారి

లెక్క గారూ, మీరు చెప్పిన కాగితం మొదలుపెట్టాను. ఇప్పటికి ఏడు పొద్దులు, ఏడు తూటాలు. బల్ల మీద 1.4 అంగుళాలలో ఉన్నాయి. శుభ్రం చేసిన మర్నాటి తూటా ఒక్కటి మిగతావాటికంటే ముప్పావు అంగుళం పైన పడింది. వేటకు వెళ్లే ముందు బోర్ శుభ్రం చేశాక రెండు తూటాలు కాల్చి అలాగే తీసుకువెళ్తాను. కూర్చుని కాల్చిన కాగితం మీద నాలుగే ఉన్నాయి, అవి మూడున్నర అంగుళాలు. కాబట్టి ఈ సంవత్సరం 200 గజాలు దాటి ట్రిగ్గర్ ముట్టుకోనని నిశ్చయించుకున్నాను, మిగిలిన ఆరు వారాలూ కూర్చుని కాల్చే సాధనకే. స్క్రూల టార్క్ అంకెలన్నీ చిన్న కాగితం మీద రాసి స్టాక్ బట్టు పలక కింద పెట్టాను. ఆ నలిగిన స్క్రూ మాత్రం పారేయలేదు, పనిబల్ల మీద చిన్న సీసాలో ఉంది.